రెండు లావాల మధ్య ఒక సముద్రం

గోదావరి దాటి కొవ్వూరు నుంచి దేవరపల్లి వైపు వెళ్తుంటే దారి పొడుగునా కంకర టిప్పర్లు ఎదురవుతూ ఉంటాయి. పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం చుట్టుపక్కలంతా నల్లరాయి క్వారీలు. వాటిలో కొన్నింట్లో, కోసిన గోడకి ఎదురుగా నిలబడి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. కింద నల్లరాయి. పైన నల్లరాయి. మధ్యలో మాత్రం కొన్ని మీటర్ల మందాన వేరే రకం రాయి. తెల్లగా, బూడిదరంగుగా, ముట్టుకుంటే కొన్నిచోట్ల మట్టిలా రాలిపోయేలా ఉంటుంది. కంకర కోసం వచ్చినవాడికి దానితో పెద్దగా పనిలేదు. కానీ ఆ మధ్య పొరలో చిప్పలున్నాయి. ఆల్చిప్పలు, గవ్వలు, నత్తగుల్లలు. ఉప్పునీళ్ళలోనో, ఉప్పూ తీపీ కలిసే నది మొగలోనో బతికిన ప్రాణులు.

కింద ఉన్న నల్లరాయీ పైన ఉన్న నల్లరాయీ రెండూ ఒకప్పటి లావా. అంటే ఒకసారి నిప్పు వచ్చి చల్లారింది. దానిమీదకి సముద్రం వచ్చింది. ప్రాణులు బతికాయి, చచ్చాయి, పేరుకున్నాయి. తర్వాత మళ్ళీ నిప్పొచ్చి వాటిని కప్పేసింది. ఈ రెండు నిప్పుల మధ్య జరిగినదేమిటో తేల్చడానికి నూట డెబ్భై ఏళ్ళకి పైగా పట్టింది. నాకు ఆ చిప్పలెంత ఆసక్తికరమో, వాటిని చదివినవాళ్ళ కథా అంతే ఆసక్తికరం.

మొదట చూసినవాళ్ళు డాక్టర్లూ పాదరీలూ. 1830ల్లో మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడిగా ఉన్న బెంజా ఉత్తర సర్కారుల్లో ప్రయాణం చేస్తూ, ఈ రాళ్ళని గమనించి రాసిపెట్టుకున్నాడు. ఆ తర్వాతి మనిషి స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లండ్ నుంచి నాగపూర్ వచ్చిన మిషనరీ. మతప్రచారం అసలు ఉద్యోగం, బడి నడపడం రెండోది, మిగిలిన టైమంతా రాళ్ళూ పురుగులూ గోండుల భాషా. నాగపూర్ చుట్టుపక్కల లావా పొరల మధ్య మంచినీటి నత్తల శిలాజాలు ఏరి పోగేసినవాడు, రాజమండ్రి చిప్పల్ని కూడా వాటి పక్కన పెట్టి చూశాడు. 1860లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో బొమ్మలతో సహా వాటిని వర్ణించి, కొత్త జాతులకి పేర్లు పెట్టాడు. మూడేళ్ళ తర్వాత, 1863 సెప్టెంబరులో, తాకల్‌ఘాట్ దగ్గర పాతకాలపు సమాధుల తవ్వకం చూసి తిరిగొస్తూ, పొంగుతున్న వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీ పేరు ఆయనదే.

హిస్లాప్ వ్యాసం శీర్షికలోనే ఒక తీర్పు ఉంది. ఈ లావాతో కలిసి ఉన్న పొరలు టెర్షియరీ యుగానివని. అంటే డైనోసార్ల కాలం అయిపోయాక వచ్చిన కాలానివి. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే జియలాజికల్ సర్వేలో పెద్ద పేరున్న విలియం బ్లాన్‌ఫర్డ్, దక్కన్ లావా క్రెటేషియస్ యుగానిదే అన్నాడు. అంటే డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలానిది. మనకిప్పుడు ఇది పండితుల పంతంలా అనిపించొచ్చు. కానీ దేశంలో మహారాష్ట్ర నుంచి మధ్యప్రదేశ్ దాకా, ఇటు తెలంగాణ పడమటి అంచుదాకా పరుచుకున్న లావా వయసెంత అన్నది చిన్న ప్రశ్న కాదు కదా. దాని కింద ఉన్నవాటి వయసు, పైన ఉన్నవాటి వయసు అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడే రాజమండ్రికి ఒక ప్రత్యేకత వచ్చింది. దక్కన్ లావా పొరల మధ్య దొరికేవాటిలో చాలామటుకు చెరువుల్లో, మడుగుల్లో బతికిన ప్రాణులు. చెరువు నత్త ఏ కాలంలోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దానితో కాలం కొలవడం కష్టం. సముద్రపు ప్రాణులు అలా కాదు. సముద్రాలన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ఇక్కడి చిప్పని ఐరోపాలో చిప్పతో పోల్చి కాలం చెప్పొచ్చు. ఆ అవకాశం ఉన్న కొద్ది చోట్లలో గోదావరి గట్టు ఒకటి. అందుకే 1930ల్లో ఈ వాదన మళ్ళీ రాజుకున్నప్పుడు అందరి కళ్ళూ ఇటు తిరిగాయి. 1934లో బీర్బల్ సాహ్నీ, దక్కన్ లావా క్రెటేషియస్‌దా టెర్షియరీదా అని సూటిగా ప్రశ్నిస్తూ కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆయనది టెర్షియరీ పక్షం. అదే దశకంలో ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు రాజమండ్రి దగ్గరి సున్నపురాయిని పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. అందులో సముద్రపు నాచు అవశేషాలు, ఫోరామినిఫెరా కనిపించాయి. వీళ్ళ సాక్ష్యం కూడా టెర్షియరీ వైపే మొగ్గింది.

అప్పటిదాకా చిప్పలు గడియారాలు. టైమెంతయింది అని అడగడానికే వాటిని వాడారు. 1980లో ప్రశ్న మారిపోయింది.

ఇటలీలో గుబ్బియో అనే చిన్న ఊరి దగ్గర సున్నపురాయి కొండల్లో, క్రెటేషియస్ ముగిసి తర్వాతి యుగం మొదలయ్యే గీత మీద, సెంటీమీటరు మందాన ఒక మట్టి పొర ఉంది. దాని కింది రాతిలో కంటికి కనిపించేంత పెద్ద ఫోరామినిఫెరా బోలెడు. పైన ఏమీ లేవు, లేదా అతిచిన్నవి. ఆ మట్టిలో ఇరిడియం మోతాదు విపరీతంగా ఉందని వాల్టర్ అల్వారెజ్, ఆయన తండ్రి లూయీ అల్వారెజ్, మరో ఇద్దరు కలిసి 1980లో ప్రకటించారు. ఇరిడియం భూమి పైపొరలో చాలా అరుదు, ఉల్కల్లో ఎక్కువ. అంటే ఆకాశం నుంచి ఏదో పడింది. 1991కి మెక్సికోలో చిక్సులూబ్ బిలం గుర్తించారు. నూట ఎనభై కిలోమీటర్ల వెడల్పు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమ్మీద జాతుల్లో ఇంచుమించు మూడొంతులు పోయిన ఆ ఘటనకి ఒక ముద్దాయి దొరికాడు.

రెండో ముద్దాయి మన దగ్గరే ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్కన్ లావా పొంగుతోంది. లక్షల ఏళ్ళపాటు విడతలు విడతలుగా గంధకం, కార్బన్ డయాక్సైడ్ వాయువులు వదులుతూ. దాంతో రాజమండ్రి చిప్పల్ని అడిగే ప్రశ్న కూడా మారింది. నువ్వే కాలం దానివి అని కాదు. ఆ రోజు నువ్వెక్కడున్నావు? ఎలా బతికావు?

ఈ ప్రశ్నతో వచ్చినవాళ్ళలో ముఖ్యురాలు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గెర్టా కెల్లర్. ఉల్క సిద్ధాంతాన్ని దశాబ్దాల తరబడి ఒంటిచేత్తో ఎదిరించినంత పనిచేసిన మనిషి. మన దేశంలో సునీల్ బాజ్‌పాయ్ లాంటివాళ్ళతో కలిసి ఆమె బృందం రాజమండ్రి క్వారీల పొరల్ని అడుగడుగునా నమూనాలు తీసి పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. కింది లావాకి సరిగ్గా పైన ఉన్న మట్టిలో ఫోరామినిఫెరా దొరికాయి. ఇవి ఒకే ఒక్క కణంతో బతుకుతూ ఒంటిమీద సున్నపు గుల్ల కట్టుకునే ప్రాణులు. నీళ్ళలో తేలుతూ బతికే రకాలు చచ్చాక వాటి గుల్లలు అడుక్కి రాలుతాయి. అక్కడ దొరికినవాటిలో చాలావాటి పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు లెక్కన ఉంటుంది. వినాశనం తర్వాత మొదటి రెండు మూడు లక్షల ఏళ్ళకి గుర్తుగా ప్రపంచమంతా వాడే జాతి వాటిలో ఉంది. దాని పేరు ప్రాణికంటే పొడుగు: పార్వులారుగోగ్లోబిజెరీనా యూగుబీనా. ఆ చివరి ముక్క ఊరి పేరే. గుబ్బియో. 1964లో ఈ జాతిని మొదట వర్ణించినవాళ్ళు ఆ కొండల నుంచే తీసి ఆ పేరు పెట్టారు. అల్వారెజ్ ఇరిడియం వెతికిన చోటి పేరు మోస్తున్న ప్రాణి, గౌరీపట్నం క్వారీ గోడలో!

అంటే కింది నల్లరాయి పైఅంచు దగ్గరే ఆ గీత ఉంది. కింది లావా వచ్చింది క్రెటేషియస్ చివర. మధ్య పొర పేరుకుంది వినాశనం తర్వాత. పై లావా దాని తర్వాత. బ్లాన్‌ఫర్డ్‌దీ సాహ్నీదీ వందేళ్ళ తగువు ఇలా తీరింది. ఇద్దరూ కొంత రైటే. లావా గీతకి అటూ ఇటూ ఉంది. వాళ్ళకి తట్టనిది ఏమిటంటే, గీతంటే రెండు యుగాల మధ్య హద్దు మాత్రమే కాదని, దానిమీద ఏదో జరిగిందని.

ఇంకో సంగతి కూడా తేలింది, అది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. ఈ నల్లరాయి ఇక్కడ పుట్టలేదు. దాని రసాయన కూర్పు, అయస్కాంత గుర్తులు పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ ప్రాంతపు లావాతో సరిపోతాయి. స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు 2008లోనే లెక్కకట్టారు: ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి, బహుశా అప్పటి నదీలోయల వెంట, ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు తీరం చేరి ఉండాలి. అదే నిజమైతే భూమ్మీద మనకి తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే. గోదావరి ఇప్పుడు పారే దిక్కులోనే ఒకప్పుడు నిప్పు పారింది. అప్పటికి మన దేశం ఆసియాకి అతుక్కోలేదు, భూమధ్యరేఖకి దక్షిణాన సముద్రంలో ద్వీపంలా తేలుతోంది.

సరే, చిప్పల దగ్గరికి వద్దాం. దుద్దుకూరు దగ్గర కింది లావాకి కూడా అడుగున ఇంకో సున్నపు ఇసుకరాయి పొర ఉంది. అందులో టరిటెల్లాలు దొరుకుతాయి. స్క్రూ మేకులా మెలితిరిగి మొన తేలిన పొడుగాటి గవ్వలు. ఇది నిప్పు రాకముందు సముద్రం. మధ్య పొరలో ఆల్చిప్పలు. ఇది మొదటి నిప్పు తర్వాతి సముద్రం. ఇక్కడో కథ అల్లేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాత ప్రాణులు పోయాయి, మొండిఘటం ఆల్చిప్ప గెలిచింది అని. ఆల్చిప్పకి ఆ పేరు తగుతుంది కూడా. ఉప్పు పెరిగినా తగ్గినా, నీళ్ళు బురదైనా, రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని మంచి నీరు వచ్చేదాకా కాచుకోగలదు. దాని పిల్లలకి అంటుకోవడానికి గట్టి నేల కావాలి, తల్లి చిప్పైనా సరే.

కానీ ఆ కథ నమ్మను. ఆల్చిప్ప ఉందంటే అక్కడ నది మొగ ఉందని అర్థం, అంతవరకే. నీటి లోతు మారినా, ఉప్పు మారినా ప్రాణులు మారతాయి. దానికి ప్రళయం అక్కర్లేదు. ఒక్క క్వారీ చూసి లోకం తిరిగి ఎలా లేచిందో చెప్పలేం. దానికి ప్రపంచంలోని చిప్పలన్నీ లెక్కపెట్టాలి.

ఆ పని చేసినవాడు షికాగో యూనివర్సిటీలో డేవిడ్ జాబ్లాన్‌స్కీ. రెండు చిప్పల ప్రాణుల మీద జీవితమంతా ధారపోసిన మనిషి. ఆయనా డేవిడ్ రౌప్ కలిసి 1995లో ఒక లెక్క తేల్చారు. ఆనాటి వినాశనంలో ఎవరు బతికారు? పెద్దవా, చిన్నవా? లోతుగా పూడుకునేవా, పైన ఉండేవా? ఈ గుణాలు పెద్దగా పనికిరాలేదు. పనికొచ్చింది ఒక్కటి, ఎంత విశాలంగా వ్యాపించి ఉన్నాయన్నది. పది తీరాల్లో ఉన్న కుటుంబం ఎక్కడో ఒకచోట మిగిలింది. ఒకే తీరాన్ని నమ్ముకున్నది ఎంత బలమైనదైనా పోయింది. మామూలు రోజుల్లో బతుకుతెరువుకి పనికొచ్చే తెలివితేటలు ఆ రోజు లెక్కలోకే రాలేదు.

తర్వాత 1998లో ఆయన అడిగిన ప్రశ్న ఇంకా బాగుంటుంది. మిగిలినవి తిరిగి ఎలా పెరిగాయి? అమెరికా గల్ఫ్ తీరం, ఉత్తర ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పాకిస్తాన్‌తో కలిపి ఉత్తర భారతం. ఈ నాలుగు చోట్ల చిప్పల్నీ నత్తల్నీ పోల్చి చూశాడు. అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉన్న నమూనా అంతా గల్ఫ్ తీరానిది. అక్కడ వినాశనం కాగానే కొన్ని రకాలు కలుపుమొక్కల్లా ఒక్కసారిగా విజృంభించి, తర్వాత తగ్గిపోయాయి. కోలుకోవడమంటే అదే అనుకున్నారు. మిగతా మూడు చోట్లా అలా జరగలేదు! ఆ విజృంభణ అక్కడ కనబడలేదు. ఎక్కువ పరిశోధకులున్న తీరాన్ని చూసి లోకమంతటికీ రూలు రాసేశారన్నమాట. రాజమండ్రి ఆ నాలుగింటిలో లేదు. కానీ మన మధ్య పొరని కూడా దాని లెక్క దాన్ని చెప్పుకోనివ్వాలన్న వాదనకి ఇంతకంటే బలం ఏం కావాలి?

పోయినవి ఏమిటో కూడా చెప్పుకోవాలి. మన ఇళ్ళల్లో పూజగదిలో పెట్టుకునే సాలగ్రామం చాలామటుకు అమ్మోనైట్ శిలాజమే. గండకీ నదిలో దొరికేవి జురాసిక్ కాలానివి. చుట్టలు చుట్టుకున్న ఆ ప్రాణుల వంశం ముప్పై కోట్ల ఏళ్ళకి పైగా సముద్రాల్ని ఏలి, ఈ గీత దగ్గర ఆగిపోయింది. కావేరీ తీరంలో అరియలూరు దగ్గర క్రెటేషియస్ పొరల్లో అమ్మోనైట్లు కుప్పలు. గీత దాటిన నినియూర్ పొరల్లో అవి లేవు. కానీ వాటికి దూరపు చుట్టం, నాటిలస్ జాతికి చెందిన హెర్కోగ్లోసా ఉంది. ఎందుకిలా? ఎక్కువమంది చెప్పే వివరణ పిల్లల దగ్గర మొదలవుతుంది. అమ్మోనైట్ పిల్లలు అతిచిన్నవి, నీటి పైభాగంలో తేలుతూ ప్లవకాల్ని తింటూ పెరిగేవి. ప్లవకాలు పోయినప్పుడు వాటికి తిండి లేకపోయింది. నాటిలస్ కొద్ది గుడ్లే పెడుతుంది, ఒక్కోటీ పెద్దది, లోపల తిండి నిండుగా ఉంటుంది. ఏ ప్రాణి ఎంత ఘనమైనదన్నది కాదు, పిల్లల్ని ఎలా పెంచుతుందన్నది తేల్చింది.

చిప్పల్లో కూడా ఇలాంటి పెద్ద ఇంటివాళ్ళు పోయారు. రూడిస్టులు. కొమ్ముల్లా, గొట్టాల్లా పెరిగి, గుంపులు గుంపులుగా పేరుకుని వెచ్చటి సముద్రాల్లో దిబ్బలు కట్టిన రెండు చిప్పల ప్రాణులు. ఒక్కటీ మిగల్లేదు. అయితే 2025లో జాబ్లాన్‌స్కీ, స్టూవర్ట్ ఈడీ, కేటీ కాలిన్స్ ప్రచురించిన పరిశోధన ఒక విచిత్రం చూపించింది. జాతుల్లో మూడొంతులు పోయినా, బతికే పద్ధతులు మాత్రం ఇంచుమించు అన్నీ మిగిలాయి. బురదలో దూరేవి, రాయికి అతుక్కునేవి, నీళ్ళు వడగట్టి తినేవి, ఒక్కో పనికీ ఎవరో ఒకరు మిగిలారు. ఆఫీసులో ఉద్యోగుల్లో ముప్పావు వంతు పోయినా ప్రతి సీట్లోనూ ఒక్కరున్నట్టు. కానీ అలా మిగిలినవాళ్ళే తర్వాతి కాలాన్ని ఏలారా అంటే, అదీ లేదు. ఒకే సీట్లో ఉన్నవాళ్ళలో కొందరి వంశాలు విరగబూశాయి, కొందరివి అలాగే ఇద్దరు ముగ్గురితో ఈడ్చుకొచ్చాయి. బతికి బయటపడి, కొంతకాలానికి నిశ్శబ్దంగా ఆరిపోయే వంశాలకి జాబ్లాన్‌స్కీ ఎప్పుడో పేరు పెట్టాడు: నడుస్తున్న శవాలు అని. జైలు సినిమాల్లో ఉరికంబానికి నడిచే ఖైదీని ఉద్దేశించి అనే మాట అది.

మళ్ళీ మన గోడ దగ్గరికి. మధ్య పొరలో కింది నుంచి పైకి చూస్తూ వెళ్తే సముద్రం నిలకడగా లేదని తెలుస్తుంది. ఒకసారి తెరిచిన సముద్రం, ఒకసారి మొగ. చివరికి పైన లావా తగిలేముందు పాతకాలపు నేల, అంటే నీళ్ళు వెనక్కిపోయి, ఎండా వానా తగిలి మట్టిగా మారిన పొర కనిపిస్తుంది. అప్పటికే సముద్రం వెళ్ళిపోయిందన్నమాట. పై లావా కప్పింది చిప్పల్ని కాదు, వాటి మీద మొలిచిన నేలని. వినాశనం నుంచి ఈ రెండో లావాకి మధ్య గడిచింది మూడు లక్షల ఏళ్ళు కావచ్చు. రామాయణ మహాభారతాలు, హరప్పా, మనిషి వ్యవసాయం నేర్చిన పదివేల ఏళ్ళు, అన్నీ కలిపి అందులో ముప్పయ్యో వంతు.

ఆ సముద్రం ఎటు పోయిందో తెలియాలంటే డెల్టా కిందకి వెళ్ళాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో ఇదే లావా చాలా లోతున తగిలింది. కెల్లర్ బృందం 2011లో ఆ బావుల నమూనాలు కూడా చదివింది. అక్కడ రెండు పొరలు కాదు, లావాకీ లావాకీ మధ్య చిక్కుకున్న సముద్రపు బురద ఇంకా ఎన్నోచోట్ల ఉంది. ఒక్కో ప్రవాహం తర్వాతా ఫోరామినిఫెరా రకాలు తగ్గుతూ వచ్చాయని, చిన్నవైపోతూ వచ్చాయని, చంపింది లావాయే అని ఆమె వాదన. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉల్క పక్షానే ఉన్నారు. నేనూ అటే. 2016లో చిక్సులూబ్ బిలంలోకే డ్రిల్లు దించినప్పుడు, ఉల్క పడిన ఆ గుంటలోకే కొద్ది ఏళ్ళలో ప్రాణులు తిరిగి వచ్చాయని, ముప్పైవేల ఏళ్ళకల్లా అక్కడ మంచి సందడే ఉందని తేలింది. అక్కడ సముద్రం అంత త్వరగా లేచింది. మన వైపు మాత్రం లక్షల ఏళ్ళ తర్వాత కూడా మరుగుజ్జు గుల్లలే. ఆ తేడాలో లావా వాటా ఎంతన్నది నాకైతే ఎవరు చంపారన్న తగువుకంటే పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది. చంపడం ఒక్క రోజు పని కావచ్చు. లేవనీయకపోవడం లక్షల ఏళ్ళు సాగింది.

దానికి జవాబు వెతకాలంటే మళ్ళీ ఆ గోడకే రావాలి. చిక్కేమిటంటే క్వారీ గోడ అంటేనే కదిలే గోడ. పరిశోధకులు తమ పత్రాల్లో ఈ క్వారీ, ఈ వైపు, కింది నుంచి ఇన్ని మీటర్లు అని నమూనా చిరునామా రాసుకుంటారు. ఆ పత్రం అచ్చయ్యేలోపు ఆ ముఖం బ్లాస్టింగ్‌లో పోయి, క్రషర్ దాటి, ఏదో ఊరి బైపాస్ కింద కంకరగా పడి ఉండొచ్చు. అలాగని క్వారీని తిట్టుకోలేం. తవ్వకపోతే ఆ గోడే లేదు. హిస్లాప్ చూసిన చిప్పలూ, రామారావు బృందం అరగదీసిన సున్నపురాయీ, కెల్లర్ జల్లించిన మట్టీ రాయి కోసం ఎవరో తెరిచిన గాయాల పక్కనే వెలుగు చూశాయి. ఈసారి అటు వెళ్తే టిప్పర్ల వెనక ఓపిగ్గా నడపండి. లోడు మీద పరదా సరిగ్గా కట్టకపోతే ఒక్కోసారి నల్లరాయి మధ్య తెల్లటి పెళ్ళ ఒకటి జారి రోడ్డు మీద పడుతుంది.